యూకేలో రైలు ఆలస్యమైతే వచ్చే వోచర్‌తో టికెట్ కొనడం ఎలా?

యూకేలో రైలు ఆలస్యమైతే ప్రయాణికుడికి పరిహారం వస్తుంది. ఆ పథకం పేరు డిలే రిపే. పరిహారాన్ని డబ్బుగా తీసుకోవచ్చు, రైలు వోచర్‌గానూ తీసుకోవచ్చు. మనవాళ్లలో చాలామంది ఫారం నింపేటప్పుడు తొందర్లో ఏదో ఒకటి నొక్కేస్తారు. కొన్నాళ్లకు పోస్టులో వోచర్ వస్తుంది. ఇక దాని నంబర్‌ని, రైలు టికెట్లు అమ్మే ట్రైన్‌లైన్ యాప్‌లో ఎక్కడ కొట్టాలా అని వెతుకుతూ కూర్చుంటారు. ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే ఆ కాగితం చెల్లేది స్టేషన్‌లో మనిషి కూర్చున్న కౌంటర్‌లోనే.

అసలు క్లెయిమే వేయనివాళ్లు ఇంకా ఎక్కువ. ఇది మన రైల్వే నేర్పిన అలవాటేమో. మన దగ్గర రైలు మూడు గంటలకు పైగా లేటైతే, ప్రయాణం మానుకుని టీడీఆర్ (రీఫండ్ కోరే దరఖాస్తు) వేసినవాళ్లకే డబ్బు వెనక్కి వస్తుంది. రైలెక్కి గమ్యం చేరాక, ఎంత లేటుగా చేరినా, అడిగేదేం ఉండదు. యూకేలో అలా కాదు. రైలెక్కి, ఊరు చేరి, పని చూసుకుని, తీరిగ్గా ఇంటికొచ్చాక కూడా పరిహారం అడగొచ్చు. ఆలస్యానికి కారణం సిగ్నల్ చెడిపోవడమా, పట్టాల మీద చెట్టు పడటమా అన్నదానితో పని లేదు.

మిడిల్స్‌బ్రోలో చదువుకుంటూ లండన్ తిరిగే విద్యార్థులకు, లెస్టర్‌లోనో కొవెంట్రీలోనో ఉండి వారానికి రెండు రోజులు ఆఫీసుకు రైల్లో వెళ్లే ఉద్యోగులకు ఏడాదిలో ఇది చిన్న మొత్తమేం కాదు. క్లెయిమ్ వేయడం దగ్గర్నుంచి వోచర్‌తో టికెట్ చేతికి వచ్చేదాకా వరసగా చూద్దాం.

క్లెయిమ్ వేసేముందే తేల్చుకోండి: డబ్బా, వోచరా?

నా సలహా సూటిగా చెప్తాను. యూకే బ్యాంక్ ఖాతా ఉంటే డబ్బే తీసుకోండి. వోచర్‌కి గడువుంటుంది, అది ఫలానా చోటే చెల్లుతుంది, ఇంట్లో ఎక్కడో పెట్టి మర్చిపోవచ్చు. డబ్బుకి ఈ బాధలేవీ లేవు. టికెట్ ఏ పద్ధతిలో కొన్నారో అదే పద్ధతిలో, లేదా మీరు ఒప్పుకున్న వేరే పద్ధతిలో పరిహారం ఇవ్వాలన్నది రైలు ప్రయాణ నిబంధనల్లో ఉన్న మాటే. ‘మేం వోచరే ఇస్తాం’ అని ఏ కంపెనీ మీ మీద రుద్దకూడదు.

మరి వోచర్ ఎవరికి పనికొస్తుంది? యూకేలో దిగి రెండు వారాలైంది, బ్యాంక్ ఖాతా ఇంకా తెరవలేదు, టికెట్ ఇండియా నుంచి తెచ్చుకున్న ఫారెక్స్ కార్డుతో కొన్నారు అనుకోండి. ఆ కార్డుకి డబ్బు వెనక్కి రప్పించుకునే తలనొప్పి కంటే వోచర్ తీసుకోవడమే మేలు. ఎలాగూ వచ్చే నెల మళ్లీ రైలెక్కేవాళ్లకూ ఇబ్బంది లేదు. అయితే ఒక్క జాగ్రత్త: కాగితం వోచర్ పోస్టులో వస్తుంది. మొదటి మూడు నెలల్లో గదులు మారడం మనవాళ్లకు మామూలే కదా. తాత్కాలికంగా ఉంటున్న చిరునామా ఇస్తే మీ వోచర్ ఆ ఇంటి తలుపు సందులోంచి లోపల పడి, మీరెవరో తెలియనివాళ్ల చేతికి పోతుంది. అలాంటప్పుడు ఈమెయిల్‌లో వచ్చే వోచర్ ఉంటే అది ఎంచుకోండి.

క్లెయిమ్ వేయడం

ప్రయాణం జరిగిన 28 రోజుల్లోపు వేయాలి. వేయాల్సింది రైలు నడిపిన కంపెనీ వెబ్‌సైట్‌లో. టికెట్ ట్రైన్‌లైన్‌లో కొన్నా సరే, పరిహారం ఇచ్చేది వాళ్లు కాదు.

ఎంత వస్తుంది అన్నది గమ్యం ఎంత ఆలస్యంగా చేరారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. రానూపోనూ కలిపి 80 పౌండ్లకి రిటర్న్ టికెట్ కొన్నారనుకుందాం. ఒకవైపు లెక్క 40 పౌండ్లు. వెళ్లేటప్పుడు 20 నిమిషాలు లేటైతే అందులో పావు వంతు, అంటే 10 పౌండ్లు. 45 నిమిషాలు లేటైతే సగం, 20 పౌండ్లు. గంట దాటితే ఆ వైపు ఛార్జీ మొత్తం, 40. రెండు గంటలు దాటితే రిటర్న్ టికెట్ ఖరీదు మొత్తం 80 పౌండ్లూ ఇస్తారు. చాలా కంపెనీలు 15 నిమిషాల ఆలస్యం నుంచే లెక్కిస్తాయి, కొన్ని 30 నిమిషాల నుంచి. గ్రాండ్ సెంట్రల్, హల్ ట్రైన్స్ లాంటి ఓపెన్ యాక్సెస్ సంస్థలకు, అంటే ప్రభుత్వ కాంట్రాక్టు లేకుండా సొంతంగా రైళ్లు నడిపేవాటికి, సొంత నిబంధనలు ఉంటాయి కాబట్టి వాటి సైట్‌లోనే చూసుకోండి.

ఎక్కువమంది తికమకపడేది రైలు మారే ప్రయాణాల్లో. మిడిల్స్‌బ్రో నుంచి డార్లింగ్టన్‌కి నార్తర్న్ అనే కంపెనీ రైల్లో వెళ్లి, అక్కడ లండన్ కింగ్స్ క్రాస్ వెళ్లే ఎల్‌ఎన్‌ఈఆర్ అనే ఇంకో కంపెనీ రైలు ఎక్కాలనుకుందాం. మొదటి రైలు పన్నెండు నిమిషాలే లేటైంది, కానీ ఆ పన్నెండు నిమిషాల వల్ల రెండో రైలు తప్పిపోయింది. తర్వాతి రైలెక్కి లండన్‌కి గంట ఆలస్యంగా చేరారు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పన్నెండు నిమిషాలు కాదు, గంట. క్లెయిమ్ వేయాల్సింది మొదట ఆలస్యం చేసిన కంపెనీకి, అంటే నార్తర్న్‌కి. లండన్ చేర్చింది ఎల్‌ఎన్‌ఈఆర్ కదా అని వాళ్లకి పంపితే ‘మా రైలు టైముకే వచ్చింది’ అని తిప్పి పంపుతారు, అదీ న్యాయమే. ఛార్జీ తగ్గుతుందని ప్రయాణాన్ని ముక్కలు చేసి రెండు మూడు టికెట్లు కొనుక్కునే అలవాటుంటే, ఆ టికెట్లన్నీ ఒకే క్లెయిమ్‌లో పెట్టండి. ఒక్కటే పెడితే ఆ ముక్కకే లెక్క కడతారు.

ఫారంలో అడిగేవి పెద్దగా ఏమీ ఉండవు: ఎక్కిన స్టేషన్, దిగిన స్టేషన్, మీరు ఎక్కాల్సిన రైలు టైము, నిజంగా చేరిన టైము, టికెట్ ఖరీదు, టికెట్ ఫొటో. చేరిన టైము గుర్తులేకపోతే రియల్‌టైమ్ ట్రైన్స్ అనే సైట్‌లో ఆ రోజు ఆ రైలు ఏ స్టేషన్‌కి ఎప్పుడు వచ్చిందో నిమిషంతో సహా ఉంటుంది. అసలు చిక్కు టికెట్ ఫొటోతోనే. ఈ-టికెట్ అయితే పీడీఎఫ్ మెయిల్‌లోనే ఉంటుంది, ఎప్పుడైనా తీసుకోవచ్చు. నారింజ రంగు అంచులుండే కాగితం టికెట్ అయితే మాత్రం దిగిన స్టేషన్‌లో గేటు దాన్ని మింగేస్తుంది, మళ్లీ బయటికి ఇవ్వదు. రైలు లేటవుతోందని తెలియగానే సీట్లో కూర్చునే టికెట్‌కి ఫొటో తీసిపెట్టుకోండి. తేదీ, ఛార్జీ, కింద ఉండే నంబర్ స్పష్టంగా కనపడాలి.

లండన్ పరిసరాల్లో ఓయిస్టర్ కార్డుతోనో (ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించేది), బ్యాంక్ కార్డు తాకించో నేషనల్ రైల్ రైలెక్కినా, అంటే అండర్‌గ్రౌండ్ మెట్రో కాకుండా మామూలు రైలెక్కినా, క్లెయిమ్ వేయొచ్చు. టికెట్ ఫొటో బదులు లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ ఖాతాలోంచి ప్రయాణ వివరాల పేజీ పెడితే సరి.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. ఎక్కని రైలుకి క్లెయిమ్ వేయడం, ఒకే టికెట్‌ని ఇద్దరు పెట్టడం లాంటి ‘చిట్కాలు’ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. యూకే చట్టంలో అది మోసం కిందికి వచ్చే నేరం. వీసా మీద ఉన్నవాళ్లకి అలాంటి కేసు ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. పది పౌండ్ల కోసం అంత టెన్షన్ ఎందుకు?

వోచర్ వచ్చింది. ముందు చదవండి

అందరూ ‘వోచర్’ అనే అంటారు గానీ చేతికి వచ్చేవి రెండు రకాలు. వాడే చోటు వేరు, పద్ధతి వేరు.

మొదటిది కాగితం. దీన్ని రైల్ ట్రావెల్ వోచర్ అనో నేషనల్ రైల్ వోచర్ అనో అంటారు. చూడ్డానికి బ్యాంక్ చెక్కులా ఉంటుంది. మీద మొత్తం, ఇచ్చిన తేదీ, గడువు అచ్చు వేసి ఉంటాయి. ఏ కంపెనీ ఇచ్చినా, నేషనల్ రైల్ స్టేషన్లలో మనిషి ఉన్న టికెట్ ఆఫీసులో చెల్లుతుంది. నార్తర్న్ ఇచ్చిన వోచర్‌తో లండన్‌లోని స్టేషన్‌లో వేరే కంపెనీ రైలు టికెట్ కొనొచ్చు. అందుకే ఈ రెండు రకాల్లో నాకు ఇదే నయమనిపిస్తుంది.

రెండోది ఈమెయిల్‌లో వచ్చే కోడ్. ఇది ఇచ్చిన కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనే పనిచేస్తుంది. కౌంటర్‌లో చూపిస్తే వాళ్లేం చేయలేరు.

ఏది వచ్చినా ముందు గడువు చూడండి. మామూలుగా ఏడాది ఇస్తారు, కానీ మీ వోచర్ మీద ఏ తేదీ ఉంటే అదే లెక్క. ఆ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టి, నెల ముందు గుర్తుచేసేలా అలారం పెట్టుకోండి. ఆ తర్వాత వోచర్‌కి రెండు వైపులా ఫొటో తీయండి. ఫొటోతో టికెట్ రాదు, అసలు కాగితమే కావాలి. కానీ అది పోస్టులోనో ఇంట్లోనో మాయమైతే కంపెనీకి మెయిల్ రాయడానికి నంబర్ అయినా చేతిలో ఉంటుంది. అంతకుమించి దాన్ని నోటులాగే చూసుకోండి, పోతే మళ్లీ ఇస్తారన్న ధీమా వద్దు.

కాగితం వోచర్: కౌంటర్ దగ్గర

ఇది చెల్లని చోట్లు ముందే తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది. స్టేషన్‌లో టికెట్ మెషీన్ తీసుకోదు. ట్రైన్‌లైన్ లాంటి యాప్‌లు తీసుకోవు. రైలు కంపెనీల వెబ్‌సైట్లలోనూ దీని నంబర్ కొట్టే చోటు ఉండదు. లండన్ అండర్‌గ్రౌండ్ స్టేషన్లలో 2015 నాటికే టికెట్ కౌంటర్లు మూసేశారు కాబట్టి అక్కడ దీన్ని తీసుకునే కౌంటరే ఉండదు.

కాబట్టి మొదటి పని, కౌంటర్ ఎప్పుడు తెరిచి ఉంటుందో చూడటం. నేషనల్ రైల్ వెబ్‌సైట్‌లో మీ స్టేషన్ పేరు కొడితే ఆ పేజీలో టికెట్ ఆఫీసు వేళలు రోజువారీగా ఉంటాయి. చిన్న స్టేషన్లలో మధ్యాహ్నానికే మూసేస్తారు, ఆదివారం చాలాచోట్ల అసలు తెరవరు. ఇంగ్లండ్‌లో టికెట్ ఆఫీసుల్ని పెద్దఎత్తున మూసేయాలని 2023 జులైలో రైలు కంపెనీలు ప్రతిపాదిస్తే జనం గట్టిగా వ్యతిరేకించారు. అక్టోబర్ 31న ప్రభుత్వం ఆ ప్రతిపాదనను పక్కన పెట్టించింది. లేదంటే ఈ కాగితం ఎక్కడ చెల్లేదో!

రెండో పని, ఏ టికెట్ కావాలో ఇంట్లోనే తేల్చుకోవడం. వరసలో నిలబడి ఆలోచించొద్దు. నేషనల్ రైల్ సైట్‌లో రైలు, టైము, ఛార్జీ చూసి కాగితం మీదో ఫోన్‌లోనో రాసుకోండి. అడ్వాన్స్ టికెట్ అంటే ఆ ఒక్క రైలుకే చెల్లే చవక టికెట్. ఆఫ్-పీక్ అంటే రద్దీ లేని వేళల్లో తిరిగే రైళ్లకు. ఎనీటైమ్ అంటే ఎప్పుడైనా, ఖరీదూ అలాగే ఉంటుంది. అడ్వాన్స్ టికెట్లు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయని మనవాళ్లలో ఓ అపోహ ఉంది. కౌంటర్‌లోనూ ఇస్తారు. కంపెనీలు తమ సైట్‌లో మాత్రమే పెట్టే ప్రత్యేక ఆఫర్లు తప్పిస్తే, మామూలుగా ధర కూడా ఒకటే. పైగా కౌంటర్‌లో బుకింగ్ ఫీజు ఉండదు.

ఛార్జీలో తగ్గింపు ఇచ్చే రైల్‌కార్డ్ ఉంటే కౌంటర్‌లో ముందే చెప్పాలి, మూడో వంతు దాకా తగ్గుతుంది. మాస్టర్స్‌కి వచ్చినవాళ్లలో చాలామందికి 26 దాటి ఉంటాయి కాబట్టి ‘16-25 రైల్‌కార్డ్ మనకు రాదులే’ అని వదిలేస్తారు. పూర్తికాలం చదువుతున్నట్టు కాలేజీ ధ్రువీకరిస్తే 26 దాటినా ఇస్తారు. వారపు రోజుల్లో ఉదయం నాలుగున్నర నుంచి పది వరకు, తగ్గింపు తర్వాత కూడా కనీస ఛార్జీ 12 పౌండ్లు అనే నిబంధన ఒకటుంది. జులై, ఆగస్టు నెలల్లో అది వర్తించదు. వోచర్ లెక్క వేసుకునేటప్పుడు రైల్‌కార్డ్ తగ్గింపు పోను మిగిలిన ఛార్జీతోనే వేసుకోండి.

ఇక లెక్క. మీ దగ్గర మూడు వోచర్లున్నాయి అనుకుందాం: 10 పౌండ్లది ఒకటి, ఏడున్నర పౌండ్లది ఒకటి, 4 పౌండ్ల 20 పెన్నీలది ఒకటి. మొత్తం 21.70. కొనాల్సిన టికెట్ 26.40 అయితే మూడూ ఇచ్చేసి మిగిలిన 4.70 కార్డుతో కట్టండి. ఒకేసారి ఎన్ని వోచర్లయినా కలపొచ్చు, మిగతాది కార్డుతోనో నగదుతోనో కట్టొచ్చు. అదే టికెట్ 18 పౌండ్లే అయితే? మూడూ ఇస్తే 3.70 గాలికి పోతుంది, ఎందుకంటే వోచర్‌కి చిల్లర ఇవ్వరు. అప్పుడు మొదటి రెండూ ఇవ్వండి, 17.50 అవుతుంది. మిగిలిన యాభై పెన్నీలు కార్డుతో కట్టి, 4.20 వోచర్‌ని ఇంకోసారికి దాచుకోండి. టికెట్ ధర వోచర్ల మొత్తం కంటే కొంచెం ఎక్కువ ఉండేలా చూసుకుంటే ఒక్క పెన్నీ పోదు. ధర తక్కువైతే, కలిసి వెళ్తున్న స్నేహితుడి టికెట్ కూడా అదే బిల్లులో కొని, అతని దగ్గర డబ్బు తీసుకోవచ్చు.

గడువు తేదీ ముందుగా వచ్చే వోచర్ని ముందు వాడేయండి. ఇది చెప్పక్కర్లేదు గానీ, సంచిలో చేయిపెట్టినప్పుడు దొరికింది ఇచ్చేసే అలవాటు అందరికీ ఉంటుంది.

కౌంటర్‌లో మాట ఎలా మొదలుపెట్టాలి? ఊరు, తేదీ, రైలు టైము, సింగిలా రిటర్నా, రైల్‌కార్డ్ ఉందా అనేవి చెప్పి, వాళ్లు ధర చెప్పాక ‘కెన్ ఐ పే పార్ట్ ఆఫ్ ఇట్ విత్ రైల్ వోచర్స్, ప్లీజ్?’ అంటే చాలు. కార్డు తాకించాక చెప్తే మళ్లీ మొదటికొస్తుంది. కౌంటర్‌లో ఉన్నవాళ్లు వోచర్ తీసుకుని తేదీ చూస్తారు, మొత్తాన్ని మెషీన్‌లో కొడతారు, వోచర్ వాళ్లే ఉంచేసుకుంటారు. మిగతా సొమ్ముకి కార్డు మెషీన్ మీ వైపు తిప్పుతారు. టికెట్‌తో పాటు రసీదు అడిగి తీసుకోండి. వోచర్‌తో ఎంత, కార్డుతో ఎంత కట్టారో చూపించే సాక్ష్యం ఇకపై మీ దగ్గర అదొక్కటే. కొత్తగా చేరిన ఉద్యోగి ఎవరైనా వోచర్ చూసి తటపటాయిస్తే కంగారుపడొద్దు, పక్కనున్న సీనియర్‌ని అడిగి చూస్తారా అని మర్యాదగా అడగండి. సాయంత్రం ఐదున్నరకి, వెనక ఇరవై మంది నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఉదయం పదకొండు, మధ్యాహ్నం మూడు మధ్య వెళ్తే వాళ్లకీ తీరిక, మీకూ తీరిక.

టికెట్ చేతికి రాగానే అక్కడే నిలబడి తేదీ, రైలు, ఊరు పేరు చూసుకోండి. ఈ టికెట్ మెయిల్‌లో ఉండదు, పోతే ఇంకోటి ప్రింట్ తీసుకునే వీలుండదు. దీనికీ ఓ ఫొటో తీసి పెట్టుకోండి. ఈ రైలూ లేటైతే మళ్లీ క్లెయిమ్ వేయాలి కదా!

గడువు దగ్గర పడింది, ఇప్పట్లో ప్రయాణం లేదు అంటే ఒక దారి ఉంది. గడువు లోపు జరగాల్సింది టికెట్ కొనడమే, ప్రయాణం ఆ తర్వాతైనా ఫర్వాలేదు. అడ్వాన్స్ టికెట్లు చాలా రూట్లలో రెండు, మూడు నెలల ముందే అమ్మకానికి వస్తాయి. దీపావళికి బర్మింగ్‌హామ్‌లో ఉన్న అన్నయ్య ఇంటికి వెళ్లాలని ఇప్పుడే అనుకుంటే, గడువు లోపు కౌంటర్‌కి వెళ్లి టికెట్ కొనేయండి. కాకపోతే అడ్వాన్స్ టికెట్‌కి రీఫండ్ ఉండదు, తేదీ మార్చుకోవాలంటే ఫీజు కట్టాలి. ప్రయాణం ఖాయమైతేనే అలా చేయండి.

కోడ్ రూపంలో వస్తే

ఇది తేలిక, కాబట్టి త్వరగా ముగిద్దాం. కోడ్ ఇచ్చిన కంపెనీ వెబ్‌సైట్‌లోకి, వీలైతే క్లెయిమ్ వేసిన అదే మెయిల్ ఐడీతో లాగిన్ అవ్వండి. రైలు ఎంచుకుని, రైల్‌కార్డ్ పెట్టి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లండి. అక్కడ వోచర్ కోడ్ కొట్టే పెట్టె ఉంటుంది. అంకెలు చేత్తో కొట్టకుండా మెయిల్‌లోంచి కాపీ చేసి అతికించండి. సున్నాకీ ‘ఓ’ అక్షరానికీ తేడా తెలియక తంటాలు పడేవాళ్లు ఎక్కువ. మొత్తం తగ్గిందో లేదో చూశాకే కార్డు వివరాలు ఇవ్వండి, ఎందుకంటే కట్టేశాక వోచర్‌ని జోడించడం కుదరదు. వెబ్‌సైట్‌లో కనపడే పెట్టె యాప్‌లో లేకపోతే బ్రౌజర్‌లోనే కొనండి.

ముందే మెయిల్ కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతుల్లో రెండు సంగతులు వెతకండి. కోడ్‌లో మిగిలిన డబ్బు తర్వాత వాడుకోవచ్చా, లేక ఒక్కసారితో సరా? ఆ కంపెనీ రైళ్లకే చెల్లుతుందా, అన్ని రైళ్లకూనా? ప్రతి రైలు కంపెనీ సైట్‌లోనూ దేశంలోని మిగతా కంపెనీల టికెట్లు కూడా అమ్ముతారు, కానీ కోడ్‌కి వేరే షరతు ఉండొచ్చు.

వోచర్ ఉందని టికెట్ లేకుండా రైలెక్కొద్దు

కౌంటర్ మూసి ఉంది, మెషీన్ వోచర్ తీసుకోదు, రైలు రెండు నిమిషాల్లో ఉంది. ‘లోపల టీసీకి ఇచ్చి టికెట్ తీసుకుందాంలే’ అనిపిస్తుంది. వద్దు. మెషీన్ పనిచేస్తూ ఉంటే ముందే టికెట్ కొనాలన్నది నిబంధన. ఇంగ్లండ్‌లో 2023 జనవరి నుంచి పెనాల్టీ ఛార్జీ 100 పౌండ్లు, దాని మీద టికెట్ ఛార్జీ అదనం. 21 రోజుల్లో కడితే ఆ 100 కాస్తా 50 అవుతుంది. పది పౌండ్ల వోచర్ కోసం యాభై పౌండ్లు పోగొట్టుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే. ఆ పూటకి కార్డుతో టికెట్ కొనేసి, వోచర్‌ని ఇంకో రోజుకి ఉంచుకోండి. రైల్‌కార్డ్ తగ్గింపుతో కొన్న టికెట్‌కీ ఇదే జాగ్రత్త: రైలెక్కేటప్పుడు కార్డు ఫోన్‌లోనో జేబులోనో ఉండాలి, గడువు దాటి ఉండకూడదు.

ఇంకో ఉచ్చు: ‘50 పౌండ్ల రైల్ వోచర్ 35కే ఇస్తా’ అని గ్రూపుల్లో కనపడే బేరాలు. కోడ్ అయితే డబ్బు తీసుకున్నాక అమ్మినవాడే వాడేసుకోవచ్చు. కాగితం అయితే అసలుదో నకిలీదో మీకు తెలిసేది కౌంటర్ దగ్గరే. ఎంత తగ్గించినా వదిలేయండి.

వోచర్‌తో కొన్న టికెట్ రద్దు చేసుకోవాల్సి వస్తే

రీఫండ్, పరిహారం రెండూ ఒకటి కావు. మీ రైలే రద్దయిందనో బాగా లేటనో ప్రయాణం మానేస్తే టికెట్ డబ్బు మొత్తం రీఫండ్ ఇవ్వాలి, ఫీజు పట్టకూడదు. అడ్వాన్స్ టికెట్‌కి కూడా ఇది వర్తిస్తుంది. మీ అంతట మీరు మానుకుంటే అడ్వాన్స్ టికెట్‌కి ఏమీ రాదు, ఆఫ్-పీక్, ఎనీటైమ్ టికెట్లకు చిన్న ఫీజు పట్టుకుని మిగతాది ఇస్తారు. ఏ రకంగా వచ్చినా, వోచర్‌తో కట్టిన భాగం మళ్లీ వోచర్ రూపంలోనే వస్తుందనుకోండి, నగదు చేతికి వస్తుందని లెక్క వేసుకోకండి. కౌంటర్‌లో కొన్నారు కాబట్టి రీఫండ్ కూడా అదే కంపెనీ కౌంటర్‌లో, కాగితం టికెట్, రసీదు పట్టుకెళ్లి అడగాలి. అప్పుడు దాచిన రసీదు ఇప్పుడు పనికొస్తుంది.

డబ్బు కావాలని అడిగితే వోచర్ పంపారా? దాన్ని వాడకండి, చింపకండి. క్లెయిమ్ నంబర్‌తో ఆ కంపెనీ కస్టమర్ సర్వీస్‌కి మెయిల్ రాయండి. ‘టికెట్ డెబిట్ కార్డుతో కొన్నాను, పరిహారం కూడా డబ్బుగానే కావాలి, వోచర్ వెనక్కి పంపడానికి సిద్ధం’ అని రెండు వాక్యాలు చాలు. ఒక్కసారి వాడారంటే మీరు ఒప్పుకున్నట్టే అవుతుంది.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కారణం చదవండి. ఎక్కువసార్లు అది తప్పు కంపెనీకి పంపడమో, ఫొటో సరిగా కనపడకపోవడమో అయివుంటుంది, సరిచేసి అప్పీల్ చేస్తే వచ్చేస్తుంది. మీ వైపు న్యాయం ఉన్నా ఒప్పుకోకపోతే కంపెనీకే ఫిర్యాదుగా రాయండి. 40 పని దినాలు దాటినా తేల్చకపోతే, లేదా ఇక తాము చేసేదేం లేదని చెప్పే డెడ్‌లాక్ లెటర్ పంపితే, ప్రయాణికుల ఫిర్యాదుల్ని స్వతంత్రంగా తేల్చే రైల్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. 2018 నవంబర్ నుంచి నడుస్తున్న ఈ సేవకి ప్రయాణికుడు ఒక్క పెన్నీ కట్టక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే ఫారం ఉంటుంది. టికెట్ ఫొటో, రియల్‌టైమ్ ట్రైన్స్ పేజీ స్క్రీన్‌షాట్, కంపెనీతో నడిచిన మెయిళ్లు, వోచర్ ఫొటో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుని ఉంటే ఆ ఫారం నింపడానికి పావుగంట కూడా పట్టదు.